రెండు క్వార్తోల విసనకర్ర

బిజే సంగీతం కూర్చిన ‘కార్మెన్’ ఆపెరాలో చివరి అంకం సెవిల్ నగరంలో, ఎద్దుల పోరు మైదానం బయట మొదలవుతుంది. కత్తిపోటుకూ ఏడుపులకూ ఇంకా టైముంది. ముందు స్టేజీ నిండా చిల్లర వ్యాపారులే. విసనకర్రలు, నారింజపళ్ళు, పోటీ వివరాల కరపత్రాలు, నీళ్ళు, సిగరెట్లు... ఒకరిని మించి ఒకరు కేకలు. ఆ కేకల్లో వినిపించే రేటు రెండు క్వార్తోలు. ఆపెరాను 1875లో పారిస్‌లో తొలిసారి ఆడారు గానీ కథ మాత్రం 1820 ప్రాంతపు స్పెయిన్‌ది. ఆ రోజుల్లో ఒక రియాల్‌కు ఎనిమిదిన్నర క్వార్తోలు. అంటే పావు రియాల్ కూడా పెట్టకుండా చేతికో విసనకర్ర వచ్చేస్తుందన్నమాట.

హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. రాజుల వంశవృక్షాలు ఎప్పుడో మర్చిపోయాను. ఎక్కడైనా ఒక వస్తువు ధర కనబడితే మాత్రం ఇప్పటికీ అక్కడే ఆగిపోతాను. ధర తెలిస్తే అది ఎవరి చేతుల్లో తిరిగిందో తెలుస్తుంది. ఆ పాటలు రాసినవాళ్ళు ఫ్రెంచివాళ్ళు, రేటు వాళ్ళు కల్పించుకున్నదే అయ్యుండొచ్చు. అయినా ఎండలో కూర్చుని పోటీ చూడబోయే మామూలు మనిషికి చిల్లరడబ్బులకు విసనకర్ర అమ్మడమన్నది ఆనాటి ప్రేక్షకులకు నమ్మదగ్గ విషయమే. పారిస్‌లో విసనకర్ర గొప్పింటి ఆడవాళ్ళ నగ. స్పెయిన్ వీధిలో అది నారింజపండు పక్కన అమ్మే సరుకు. స్పెయిన్ విసనకర్ర చరిత్రంతా నాకు ఈ తేడాలోనే కనబడుతుంది.

మా అమ్మాయి ఉద్యోగం మాడ్రిడ్‌లో. జూలైలో దాని దగ్గరికి వెళ్ళాను. రెంటచింతల ఎండల్లో పెరిగినదాన్నే గానీ మాడ్రిడ్ ఎండ తీరు వేరు. చెమట పట్టదు, మొహం మాత్రం మాడిపోతుంది. మెట్రో ప్లాట్‌ఫాం మీద నిలబడితే అటూ ఇటూ ‘టర్ర్’మని విసనకర్రలు విప్పుకున్న చప్పుళ్ళు. ముసలమ్మలూ, కాలేజీ పిల్లలూ, బ్యాంకు ఉద్యోగిలా కనిపించే పెద్దమనిషీ, అందరి దగ్గరా ఉన్నాయి. మగవాళ్ళవి కాస్త చిన్నవి, కోటు జేబులో పట్టేవి. ఇంటికెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరికింది. తోటికోడళ్ళకూ, వదినకూ, చెల్లెలికీ తలా ఒకటి. బరువుండదు, పగలదు, పెట్టెలో చోటు తినదు. ఇక తేలాల్సింది ధరే.

తేలడం అంత సులువు కాలేదు. ఊరి నడిబొడ్డున పుయెర్తా దెల్ సోల్ అనే కూడలిలో కాసా దె దియేగో అని పాత దుకాణం ఉంది. 1858 నుంచి ఆ కూడలిలోనే ఉంటూ విసనకర్రలు, గొడుగులు, చేతికర్రలు, లేసు మేలిముసుగులు అమ్ముతోంది. అద్దాల వెనక పెట్టిన గొప్ప పనితనపు విసనకర్రల ధర చూసి, యూరో మన వంద రూపాయల దగ్గర ఉందని గుర్తుచేసుకుని, మా తోటికోడళ్ళంటే నాకెంత ప్రేమైనా సరే, అడుగు వెనక్కి వేశాను. అదే కూడలి నుంచి నాలుగడుగులు వేస్తే టూరిస్టు సామాన్ల కొట్లు. గుమ్మంలో బకెట్ల నిండా విసనకర్రలు, ఒక్కోటి మూడు యూరోలు. ఎర్ర గులాబీ, నల్ల ఎద్దు, చుక్కల గౌను నర్తకి. పది తీసి చూస్తే అదే గులాబీ, అదే వంపు, అదే చోట ఆకు. “అమ్మా, వీటికైతే ఇక్కడిదాకా రానక్కర్లేదు, హైదరాబాద్‌లో కూచుని ఆర్డర్ పెట్టుకోవచ్చు,” అంది మా అమ్మాయి. నిజమే. ఈ రెండు కొసల మధ్య అందుబాటు ధరలో, పనివాడి చెయ్యి పడ్డ సరుకు ఎక్కడుంటుందని వెతకబోతే చరిత్రలోకే దారి తీసింది.

మడిచే విసనకర్ర పుట్టిల్లు జపాన్. హెయాన్ కాలపు రాజదర్బారులో హినోకి చెక్కతో సన్నని పలకలు చేసి, దారంతో గుచ్చి వాడేవారు. తర్వాత కాగితం అంటించినవి వచ్చాయి, చైనా వాళ్ళు నేర్చుకున్నారు. 16వ శతాబ్దిలో పోర్చుగీసు ఓడలు వాటిని యూరప్‌కి చేర్చాయి. అంతవరకూ యూరప్ రాణుల చేతుల్లో ఉన్నవి పిడి ఉన్నవే, ఈకలతో కట్టినవో జెండాలాంటివో. మన తాటాకు విసనకర్రకూ వాటికీ పెద్ద తేడా లేదు, రెండూ మడత పడనివే.

స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెస్ 1640 ప్రాంతంలో వేసిన ‘విసనకర్ర పట్టుకున్న స్త్రీ’ లండన్‌లోని వాలెస్ మ్యూజియంలో ఉంది. నల్లటి ముసుగు, తెల్లటి చేతితొడుగు, జపమాల, నీలం రిబ్బను, చేతిలో సగం విప్పిన విసనకర్ర. ఆమె ఎవరన్నదాని మీద పండితులు చాలా రాశారు. నా కళ్ళు ఆ విసనకర్ర మీదే. దాని మీద రాజభవనాలూ దేవతలూ ఏమీ లేవు, ఏ హంగూ లేని చేతి వస్తువు అది.

ఆ తర్వాత వందేళ్ళు ఆట ఫ్రెంచివాళ్ళది. పారిస్‌లో విసనకర్రల పనివాళ్ళకు 1678లోనే సొంత సంఘం ఏర్పడింది. లండన్ వాళ్ళకు 1709లో వచ్చింది. 1700లో స్పెయిన్ సింహాసనం ఫ్రాన్సు రాజు మనవడికి దక్కడంతో మాడ్రిడ్ దర్బారు ఫ్యాషనంతా పారిస్ వైపు తిరిగింది. ఏనుగుదంతం, ముత్యపుచిప్ప, తాబేటి డిప్ప పుల్లల మీద పొదిగిన బంగారు రేకు, వాటిపైన మేకతోలు మీద వేసిన గ్రీకు పురాణ కథలు. డబ్బు సరిహద్దు దాటి పోతోందని మంత్రులకు కడుపుమంట. మూడో చార్లెస్ ప్రధాని ఫ్లోరిడాబ్లాంకా చలవతో 18వ శతాబ్ది చివర్లో యుజేనియో ప్రోస్త్ అనే ఫ్రెంచి పనివాడు వచ్చి స్పెయిన్‌లో స్థిరపడ్డాడని ఆ వృత్తి చరిత్ర చెబుతుంది. పోటీ దేశపు పనివాణ్ణి తెచ్చుకుంటే పని కూడా వెంట వస్తుందన్నది ఆనాటి ప్రభుత్వాలన్నీ నమ్మిన సూత్రం. ఆ కాలానికే, 1777లో, గోయా వేసిన ‘గొడుగు’ చిత్రంలో పచ్చిక మీద కూర్చున్న యువతి ఒళ్ళో కుక్కపిల్ల, చేతిలో మూసిన విసనకర్ర. రాజుగారి ఇంటి తెరలకు నమూనాగా వేసిన బొమ్మ అది. ఆ అమ్మాయి వేషం ఫ్రెంచి ఫ్యాషన్‌దే, మాడ్రిడ్ వీధుల షోకు మాత్రం పక్కన గొడుగు పట్టిన కుర్రాడిది.

పారిస్ దారి ఒకటైతే మనీలా దారి ఇంకొకటి. 1565 నుంచి 1815 దాకా ఫిలిప్పీన్స్‌లోని మనీలాకూ మెక్సికోలోని అకపుల్కోకూ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. చైనా పట్టు, పింగాణీ, లక్క సామాను, విసనకర్రలు అకపుల్కోలో దిగి, మెక్సికోను అడ్డంగా దాటి, మళ్ళీ ఓడెక్కి స్పెయిన్ చేరేవి. ఆ సరుకులో మన కోరమాండల్ తీరపు నూలు బట్టలు కూడా ఉండేవని వ్యాపార చరిత్రకారులు చెబుతారు. బందరు రేవు పేరు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను గానీ, అటువైపు బట్ట మెక్సికో వైపు కూడా పోయిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో చూసిన గుర్తు లేదు. 19వ శతాబ్దిలో కాంటన్ పనివాళ్ళు యూరప్ కోసమే చేసిన ఒక రకానికి స్పెయిన్‌లో ‘వెయ్యి ముఖాల’ విసనకర్ర అని పేరు. కాగితం మీద కిక్కిరిసిన మనుషుల బొమ్మలు, ప్రతి బొమ్మకూ అంటించిన పట్టుగుడ్డ బట్టలు, చిటికెన గోరులో పావు వంతు ఉండే దంతపు ముఖాలు. ఒక మ్యూజియంలో దగ్గరగా చూశాను. ఒక ముఖం ఊడిపోయి జిగురు మచ్చ మాత్రం మిగిలింది. పక్కన ఉన్న మంత్రిగారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే ఉన్నాడు.

ఇవన్నీ ఖరీదైనవాళ్ళ ముచ్చట్లు. రెండు క్వార్తోల విసనకర్రను సాధ్యం చేసినవి వేరే. జర్మనీలో 1790ల చివర పుట్టిన లితోగ్రఫీ అచ్చు వాటిలో మొదటిది. రాతి మీద బొమ్మ గీసి వేల ప్రతులు తీయొచ్చు, రంగులు చేత్తో అద్దొచ్చు. మేకతోలు పోయి కాగితం వచ్చింది, దంతం పోయి ఎముకా చెక్కా వచ్చాయి. అంతకుముందు పురాణ దేవతలున్న చోట ఇప్పుడు ఎద్దుల పోరు, రాజుగారి పెళ్ళి, నాటకంలో సీను. పాతబడితే పారేసి, వచ్చే వేసవికి కొత్త బొమ్మ కొనుక్కోవడమే. 1859లో ఫ్రాన్సులో అల్ఫోన్స్ బోద్ పుల్లల మీద జాలీ కోసే యంత్రం తయారుచేశాడు. వాలెన్సియాలో హోసే కొలొమినా 19వ శతాబ్ది మధ్యలో పెద్ద ఎత్తున కార్ఖానా నడిపాడు. ఆ ఇంటివాళ్ళ మేడ కొలొమినా పేరుతోనే వాలెన్సియాలో ఇంకా నిలిచి ఉంది, ఇప్పుడది ఒక విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. రెండో ఇసబెల్ రాణి పేరుతో ఈనాటికీ పురాతన వస్తువుల దుకాణాలవాళ్ళు చెప్పే ‘ఇసబెల్ కాలపు విసనకర్ర’లు ఈ రోజులవే. పేరు రాణిది, వాడింది మాత్రం దేశమంతా.

ఇక్కడ ఆ ‘విసనకర్ర భాష’ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. కుడి చెంపకు తాకిస్తే ఔననీ, ఎడమ చెంపకైతే కాదనీ, టూరిస్టు కొట్టుల్లో ప్రతి విసనకర్రతోనూ ఒక కాగితం ఇస్తారు. స్పెయిన్ ప్రేయసుల ప్రాచీన రహస్యమంటారు. 1797లోనే లండన్‌లో అక్షరాల సంకేతాలు అచ్చేసిన విసనకర్రలు అమ్మారు. 19వ శతాబ్దిలో ఈ చెంపల జాబితాను ఊరూరా పంచింది పారిస్‌లో 1827లో మొదలైన దువెలెరోవా అనే విసనకర్రల కంపెనీ. అమ్మకాల కోసం వేసిన కరపత్రం అది. మా అమ్మాయి ఆఫీసులో స్పానిష్ ఆడవాళ్ళను అడిగితే నవ్వారు. ఒకావిడ మాత్రం, గట్టిగా ఫట్‌మని మూస్తే ‘ఇక చాలు’ అని అర్థమనీ, దానికి కాగితం అక్కర్లేదనీ చెప్పింది.

వాలెన్సియా నగరం పక్కనే పడమట అల్దాయా అని చిన్న ఊరు. స్పెయిన్‌లో విసనకర్రల పని అనగానే ఎవరైనా చెప్పేది ఆ పేరే. ఊళ్ళో విసనకర్రలకు మ్యూజియం కూడా ఉంది. 2024 అక్టోబర్ 29న వచ్చిన వరదలో ఊరి మధ్యగా పోయే సలేటా వాగు పొంగి అల్దాయా మునిగింది. నేను వెళ్ళింది ఆ తర్వాతి వేసవిలో. కొన్ని గోడల మీద నీటి గీత ఇంకా ఉంది. ఒక కుటుంబం నడిపే పనిశాలలోకి మా అమ్మాయి మాట్లాడి తీసుకెళ్ళింది. పెద్దాయన మమ్మల్ని కూర్చోమనలేదు, కూర్చోవడానికి చోటే లేదు. అంతటా పుల్లల కట్టలు.

ఆయన చేతిలో ఉన్నది బేరిచెట్టు చెక్క. బర్చ్ కూడా వాడతారు, ఖరీదు సరుకుకైతే నల్లచేవ. చెక్కను గోరుమందాన సన్న బద్దలుగా కోసి, ఒక విసనకర్రకు కావలసిన బద్దలన్నీ ఒకే కట్టగా బిగించి, ఆకారం ఒక్కసారే కోస్తారు. జాలీ కూడా అంతే. కట్ట మొత్తానికీ కంత పెట్టి, అందులోంచి వెంట్రుకంత రంపం దూర్చి తిప్పుతుంటే, ఒకే పువ్వు అన్ని పుల్లల్లోనూ ఒకేచోట తెగుతుంది. అందుకే విప్పినప్పుడు ఆ జాలీ వరస తప్పదు. ఆయన రంపం కదలట్లేదు, కట్టే దాని చుట్టూ తిరుగుతోంది. పొడి ఊదుకోవడానికి తప్ప పెదవి విప్పలేదు. తర్వాత గరుకు కాగితంతో రుద్దడం, మెరుగు పెట్టడం, కింద కొసన ఇనుప మేకు దించి రెండు పక్కలా బిళ్ళ వేసి బిగించడం.

గుడ్డ పని పక్క గదిలో ఆయన కోడలిది. మడతలు పెట్టిన రెండు గట్టి అట్టలు, వాటి మధ్య అర్ధచంద్రాకారంలో కోసిన నూలుగుడ్డ. రెండు అట్టల్నీ కలిపి మూసి అదిమి తీస్తే గుడ్డకు మడతలన్నీ సమానంగా పడి ఉన్నాయి. ఈమధ్య మన ఊళ్ళలో పెళ్ళిచీరలకు ముందే కుచ్చిళ్ళు పెట్టి ఇస్త్రీ చేసి, క్లిప్పులతో పెట్టెలో ఇచ్చే ఆడవాళ్ళున్నారే, అచ్చం ఆ పనే. ఆ తర్వాత ఒక్కో పుల్ల పైకొసకు జిగురు రాసి ఒక్కో మడతకు అంటిస్తుంది. పుల్ల ఒక్క నూలు పక్కకు జరిగినా మూసినప్పుడు గుడ్డ బయటికి తన్నుకొస్తుంది. తన అత్తగారి కాలంలో ఈ అంటింపులూ మెరుగులూ అంచు కుట్లూ ఊరి ఆడవాళ్ళు ఇళ్ళలోనే చేసేవారట. వంటిల్లు చక్కబెట్టుకుని, పిల్లల్ని బడికి పంపి, కట్టకింత అని కూలి. రెండు క్వార్తోల నుంచి మూడు యూరోల దాకా చవకదనం అనేది యంత్రం ఒక్కటే తెచ్చింది కాదు. దుర్గి, మాచర్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళను చూస్తూ పెరిగినదాన్ని, ఆ లెక్క నాకు వేరే చెప్పక్కర్లేదు.

1960ల్లో స్పెయిన్‌కు టూరిస్టులు పోటెత్తడంతో అల్దాయా సరుకుకు మంచి గిరాకీ వచ్చింది. ఎద్దుల పోరు బొమ్మ, నర్తకి బొమ్మ అచ్చేసినవే అప్పుడు ఎక్కువ పోయాయి. ఫ్లమెంకో నర్తకుల కోసం చేసే పెరికోన్ అనే పెద్ద విసనకర్రకు కూడా పేరు వచ్చింది. ఎనభైల చివర్లో లొకోమియా అనే పాటల బృందం కుర్రాళ్ళు చేతులంత విసనకర్రలు తిప్పుతూ టీవీల్లో వెలిగారు. ఆ తర్వాత చైనా సరుకు దిగింది. వెదురు పుల్లలు, పాలియెస్టర్ గుడ్డ, అచ్చు గులాబీ. పెద్దాయనకు దాని మీద కోపముంది, న్యాయమే. నాకు మాత్రం ఇంకో సంగతి గుర్తొచ్చింది. హాంగ్‌జౌ నగరంలో వాంగ్‌షింగ్‌జీ విసనకర్రల సంస్థ పెట్టింది కూడా ఆ ‘కార్మెన్’ ఆడిన 1875లోనే. తూర్పు నుంచి వచ్చిన వస్తువును స్పెయిన్ తనదిగా చేసుకున్నది చవకగా చేసి, అందరి చేతిలో పెట్టి. అదే పని తూర్పు ఇంకా చవకగా చేస్తోంది. దీన్ని దొంగతనమని నేననలేను. బకెట్లో సరుకు మీద ‘స్పెయిన్ కళ’ అని చీటీ అంటించడాన్ని మాత్రం అంటాను.

మరి ఏది కొనాలి? ఆ ఇంటి కోడలు చెప్పినదాన్నిబట్టి, నా కళ్ళతో చూసినదాన్నిబట్టి రాస్తున్నాను. ముందు మూసి పట్టుకుని చూడాలి. చివరి రెండు మందపాటి పుల్లల మధ్య మిగతావన్నీ ఎత్తుపల్లాలు లేకుండా ఒదిగాయా? నెమ్మదిగా విప్పితే ఎక్కడా పట్టెయ్యకుండా, పుల్లకూ పుల్లకూ మధ్య ఎడం సమంగా వస్తోందా? జాలీ కంతల్లో వేలు పెడితే పొట్టు తగులుతోందా? బొమ్మ చేత్తో వేసిందైతే పూరేకు గుడ్డ మీద మొదలై పుల్ల మీదికి పాకుతుంది. అచ్చు బొమ్మ గుడ్డ అంచుతోనే ఆగిపోతుంది. పాత సంతల్లో దంతపు పుల్లలవి కనబడతాయి, అందంగానే ఉంటాయి. వాటి జోలికి పోవద్దు. అనుమతి లేకుండా దంతం దేశం దాటించడం చట్టవిరుద్ధం, విమానాశ్రయంలో చిక్కు.

చేత్తో పూలు వేసిన మామూలు సైజు చెక్క విసనకర్ర ఆ పనిశాలలో పాతిక యూరోల పైమాటే. మాడ్రిడ్ కూడలి ధరతో పోలిస్తే నయం, నా బంధుబలగంతో పోలిస్తే ఎక్కువ. ఆ ధరలో ఎక్కువ భాగం చెక్కది కాదు, గుడ్డది కాదు, కుంచె పట్టుకుని కూర్చునే గంటలది. సంగతి అర్థమయ్యాక దారి దొరికింది. అక్కడ బొమ్మ వెయ్యని ఉత్త విసనకర్రలు కూడా అమ్ముతారు, తెల్ల గుడ్డ, మెరుగు పెట్టిన చెక్క, అదే పుల్ల, అదే మేకు. స్పెయిన్‌లో చాలామంది ఆడవాళ్ళకు వీటిని కొనుక్కుని తామే రంగులు వేసుకోవడం సరదా. ఒక్కోటి ఏడు యూరోలకు ఇచ్చారు. తలా ఒకటికి బదులు తలా రెండు తీసుకున్నాను. బేరమాడలేదు. మా అమ్మాయి ఆశ్చర్యపోయింది.

రంగుల పని మా చెల్లెలికి అప్పగించాను. చీరల మీద ఫ్యాబ్రిక్ పెయింటింగ్ వేసి అమ్ముతుంది అది. మొదటిదాని మీద రంగు చీరకు వేసినంత చిక్కగా వేస్తే, మడిచి విప్పేసరికి ప్రతి మడత దగ్గరా పగిలింది. ఇప్పుడు విసనకర్రను పూర్తిగా విప్పి, అట్ట మీద గుండుసూదులతో బిగించి, నీళ్ళు కలిపిన పల్చటి రంగు రెండు పూతలుగా వేస్తోంది. రాత్రంతా ఆరాకే మడవాలట. స్పెయిన్ గులాబీ వెయ్యమంటే ఒప్పుకోలేదు. తనకొచ్చింది మామిడిపిందె అంచూ చిలకలూను, అవే వేస్తానంది.